మార్కాపురంలో దిగండి: పశ్చిమ ప్రకాశం తొలిసారి చూసేవారికి

శ్రీశైలం వెళ్ళే బస్సులు మార్కాపురం మీదుగా రోజూ పోతూనే ఉంటాయి. ఊరు చూద్దామని దిగేవాళ్ళే తక్కువ. కరువు సీమలో చూడ్డానికేముందిలే అనుకుంటారు. నిజానికి నీళ్ళకు కటకటలాడే నేల కాబట్టే, నీటి కోసం మనిషి ఎంత పని చేయగలడో ఇక్కడ కళ్ళారా చూడొచ్చు. రెండు రోజులు చేతిలో ఉంటే చాలు.

ముందు కాలం చూసుకోండి. అక్టోబరు నుంచి జనవరి దాకా బాగుంటుంది. ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో కూడా వాకబు చేయండి, కంభం చెరువు కళ దాన్నిబట్టే ఉంటుంది. వేసవి మాత్రం వద్దు. తాగునీళ్ళ సీసా మీ సంచిలోనే పెట్టుకోండి. ఇక్కడి చాలా పల్లెల్లో బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ.

రావడానికి రైలే మంచిది. గుంటూరు–నంద్యాల మార్గంలో 'మార్కాపూర్ రోడ్' అన్న స్టేషన్‌లో దిగాలి. బస ఊళ్ళోనే పెట్టుకోండి. తొలి పూట లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళి, మండప స్తంభాల మీది శిల్పాలను తీరిగ్గా చూడండి. తర్వాత పలకల పని జరిగే చోటు అడిగి వెళ్ళండి. తెలుగునాట ఎన్నో తరాలు అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీదే. రాతి అంచున ఉలి ఆనించి మెల్లగా తడితే పొర విడివడి పల్చటి బిళ్ళ చేతికొస్తుంది. పనివాళ్ళను అడిగి దగ్గర నిలబడి చూడండి. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

రెండోరోజు పొద్దున్నే కంభం. ఈ ప్రయాణానికి గుండెకాయ ఇదే, తొందరపడొద్దు. ఊరి నుంచి చెరువుకట్టకు ఆటో మాట్లాడుకోండి. రెండు కొండల నడుమ సందులోంచి పారే గుండ్లకమ్మకు అడ్డంగా 57 అడుగుల ఎత్తున కట్ట వేశారు. కట్టించింది గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ అని చెబుతారు. కట్ట ఎక్కి ముందు నీటివైపు చూడండి, చెరువు కొండల్లోకి ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. తర్వాత వెనక్కి తిరగండి. కింద ఆయకట్టు పచ్చగా పరుచుకుని ఉంటుంది. అన్నీ చెట్టూ పుట్టా లేని మెట్టలు దాటుకుంటూ వచ్చిన కంటికి ఆ పచ్చదనం విలువ అప్పుడు తెలుస్తుంది. కొండలే గోడలయ్యాయి, మనిషి పూడ్చింది ఆ సందు ఒక్కటే. చోటు ఎంచుకున్నవాళ్ళ తెలివికి చేతులెత్తి మొక్కాలి. తూములు, అలుగు ఎక్కడున్నాయో అక్కడి రైతుల్ని అడగండి, దగ్గరుండి చూపిస్తారు. 2020లో ఈ చెరువుకు అంతర్జాతీయ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. అంతటి కట్టడం మీద ప్లాస్టిక్ పారేసి రాకండి. లోతు తెలియకుండా నీళ్ళలో దిగకండి.

కంభం నుంచి గిద్దలూరు దగ్గరే. శనివారమైతే రాచర్ల వైపు అడవిలో ఉన్న నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి వెళ్ళొచ్చు, జనం వెళ్ళేది ఆ రోజే. లేదంటే గిద్దలూరులో పగటి రైలెక్కి నంద్యాల దాకా పోయి రండి. దిగువమెట్ట దాటగానే నల్లమల మొదలవుతుంది. కిటికీ సీటు వదలొద్దు.

మరో రోజు మిగిలితే త్రిపురాంతకం చేర్చుకోండి. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరున్న క్షేత్రమది. అటునుంచి దోర్నాల. ఈ కరువు నేలకు నీళ్ళు తేవడానికి తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కింద తవ్విన దాని జంట సొరంగాలు దోర్నాల దగ్గరి కొత్తూరు వైపే బయటికొస్తాయి. అనుమతి లేకుండా లోపలికి పోనివ్వరు. అయినా దోర్నాలలో టీ కొట్టు దగ్గర కూర్చుని ఆ నీళ్ళ సంగతి అడిగి చూడండి, ఎవరైనా చెబుతారు. శ్రీశైలం ఘాట్ ఎక్కే ఆలోచన ఉంటే చీకటి పడకముందే బయల్దేరండి. పులుల అభయారణ్యం కనుక రాత్రిపూట చెక్‌పోస్టు మూసేస్తారు.