పెరుగు మంచిదే, సరిగా తోడుకుంటే

"పెరుగులో మంచి క్రిములు ఉంటాయట కదా, ఇక చెడ్డ క్రిములు ఏం చేస్తాయి?" అని ఆసుపత్రికి వచ్చే తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. పెరుగులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాకు ఇతర క్రిములను అణచే శక్తి ఉన్నమాట నిజమే. అయితే ఆ శక్తి వాటికి దొరికే వేడి, సమయం, మనం వేసే తోడు మీద ఆధారపడి ఉంటుంది.

ఈ బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పాల పి.హెచ్. సుమారు 6.6 ఉంటే, బాగా తోడుకున్న పెరుగులో అది 4.5 దగ్గరకు దిగుతుంది. అంత పులుపులో చాలా రోగక్రిములు పెరగలేవు. వీటిలో కొన్ని రకాలు నిసిన్ అనే పదార్థాన్ని కూడా తయారుచేస్తాయి. 1928లోనే దాని ప్రభావాన్ని గమనించారు. ఇప్పుడు చీజ్ నిల్వకు వాడుతున్నారు. దానిని తయారుచేసే లాక్టోకోకస్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర చురుకుగా ఉంటుంది, 40 దాటితే మందగిస్తుంది. పైగా విరేచనాలు కలిగించే ఇ.కోలై వంటి క్రిములకు వెలుపలి పొర ఒకటి ఉండడం వలన నిసిన్ వాటిని అంతగా ఏమీ చేయలేదు.

కాబట్టి ఇంట్లో మనకు కాపలా ముఖ్యంగా పులుపే. అది ఆలస్యమైతేనే చిక్కు. చలికాలంలో పూర్తిగా చల్లారిన పాలలో కాస్త తోడు వేసి వదిలేస్తే, తెల్లవారినా పాలు పాలలాగే ఉంటాయి. ఈలోగా పుండు ఉన్న వేలి నుండి చేరిన స్టెఫైలోకాకస్ పెరిగి విషం తయారుచేయవచ్చు. తరువాత పెరుగు పులిసినా, దానిని మరిగించినా ఆ విషం పోదు. పాలలో వేలు ముంచి వేడి చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. గిన్నెను బయట తాకి చూస్తే సరిపోదా?

పాలను మరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే తాజా తోడు వేయండి. చలిగా ఉంటే గిన్నెకు గుడ్డ చుట్టండి. మరీ వేడి పాలలో వేస్తే తోడులోని బాక్టీరియాయే చనిపోతుంది. పశువుకు పొదుగువాపు వచ్చి యాంటీబయాటిక్ ఇచ్చిన రోజులలో కూడా పాలు తోడుకోకపోవచ్చు, మందు ఈ బాక్టీరియాను కూడా ఆపుతుంది కనుక. అటువంటి పాలు వాడకండి. పచ్చిపాలను తోడు పెట్టవద్దు. బ్రూసెల్లా క్రిమి పులుపులో కూడా కొన్ని రోజులు బ్రతకగలదు.

ఇక మజ్జిగ సంగతి. నీళ్ళు పోసేసరికి పులుపు పలుచబడుతుంది, ఆ నీటితో క్రొత్త క్రిములు చేరవచ్చు. కాచి చల్లార్చిన నీరే కలపండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు విరేచనాలు అవుతుంటే మెత్తని పెరుగన్నం పెట్టవచ్చు. కానీ పెరుగు పెడుతున్నాం కదా అని ఓ.ఆర్.ఎస్. ద్రావణం, తల్లిపాలు మానవద్దు. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, ఏమీ త్రాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి.