‘ట్వైలైట్’ నవలలోని పాఠశాల

పై తరగతుల బాలబాలికలలో కొందఱి చేతులలో ‘ట్వైలైట్’ అను నవలను చూచితిమి. స్టెఫనీ మేయర్ అను అమెరికా రచయిత్రి దీనిని 2005వ సంవత్సరమున ప్రకటించెను. నరుల నెత్తురు త్రాగి చావులేక బ్రదుకు వాంపైరుల కథ యని విని తలిదండ్రులు జంకుట సహజమే. కాని యీ కథకు పాఠశాలయే ముఖ్యరంగమగుటచే, ఉపాధ్యాయులమగు మేము దానిని విద్యాదృష్టితో పరిశీలింపదలచితిమి.

కథాస్థలము వాషింగ్టను రాష్ట్రమున, వానలు మెండుగా గురియు ఫోర్క్సు అను చిన్న పట్టణము. అచ్చటి ఉన్నత పాఠశాలలో 357 మంది విద్యార్థులు. ఫీనిక్సు నగరమునుండి వచ్చిన బెల్లాతో 358 మందియైరి. జీవశాస్త్రపు తరగతిలో ఆమె ప్రక్క కూర్చుండు ఎడ్వర్డు వాంపైరు. 1918లో చికాగో నగరమున అతడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరముచే మరణింపనుండగా, కార్లైలు అను వైద్యుడు అతనిని తనవంటి వానిగా మార్చెను. నాటినుండి అతని ప్రాయము 17 ఏండ్లే.

ఉల్లివేరు కణములు విభజనలో ఏయే దశలందున్నవో సూక్ష్మదర్శినితో గుర్తింపుడని ఉపాధ్యాయుడు ఒకనాడు పని యిచ్చెను. వీరిద్దఱును అందఱికంటె ముందుగా ముగించిరి. బెల్లా ఆ ప్రయోగమును మునుపే చేసియుండెను; ఎడ్వర్డు పాఠశాల చదువును పలుమాఱులు చదివినవాడు. ఇట్టివాడు బడిలో నేర్వవలసినదేమున్నది?

ఉన్నది. మొదటినాడు బెల్లా నెత్తుటి వాసన సోకగానే అతని దాహము మితిమీఱెను. తన్ను వేఱు తరగతికి మార్పుడని కార్యాలయమున వేడెను, వీలు పడలేదు. కొన్నిదినములు బడికి రాలేదు. పిమ్మట తిరిగి వచ్చి, ఆ బల్లయొద్దనే, ఆమె ప్రక్కనే, కీడు చేయక కూర్చుండెను. కణవిభజన అతనికి కంఠపాఠము. ఇట్లు కూర్చుండుటయే కఠినపాఠము.

కార్లైలు చరిత్రయు నిట్టిదే. 17వ శతాబ్దమున లండనులో ఒక పాదిరి కుమారుడై పుట్టిన అతడు, వాంపైరైన పిదప నరులను చంపనొల్లక మృగరక్తముతో జీవించెను, రాత్రులు చదువుకొనెను, రెండు శతాబ్దములు సాధనచేసి, కారు నెత్తురును చూచియు చలింపని వైద్యుడయ్యెను. నిగ్రహము తోడగుటచేతనే అతని విద్య రోగులకు మేలయ్యెను.

అయినను ఈ గ్రంథమాలలో మాకు నచ్చని దొకటి కలదు. బెల్లా తెలివిగల బాలిక. కళాశాలకు పొమ్మని ఎడ్వర్డే ప్రోత్సహించెను. అయినను, 2008లో వెలువడిన నాలుగవ గ్రంథమున, ఉన్నత పాఠశాల విడిచిన వేసవిలోనే ఆమె వివాహమాడెను, కళాశాల మెట్టెక్కలేదు.

విద్యార్థినులారా, కథను కథగా చదువుడు. అందలి నిగ్రహమును మెచ్చుకొనుడు. తలిదండ్రులారా, మీ బిడ్డలు చదువు గ్రంథమును మీరును చదివి వారితో ముచ్చటింపుడు. చావులేని వారికి చదువును ఎప్పటికైన మొదలిడ వీలుండును. మన బాలికలకు ఈ యేండ్లు మరల రావు.