మనస్సునకొక చిట్టా

వర్తకము చేయు ఇంట రాత్రి దుకాణము మూయుటకు ముందు చిట్టా వ్రాయుట పూర్వమునుండి వచ్చిన ఆచారము. గల్లాపెట్టెలోని రొక్కమును చిట్టాలోని మొత్తమును సరిపోలనిచో ఇంటి పెద్దకు నిద్ర పట్టదు. పది రూపాయలు తక్కువైనను ఏ పద్దు తప్పిపోయినదో వెదకి పట్టుకొనిన గాని ఆయన లేవడు. అదే పెద్ద ఆ పగలు ఎవరిని ఏ మాట అన్నాడో, ఆ మాటకు ఎవరి ముఖము చిన్నబోయినదో, తన మనస్సు ఎన్నిమారులు కలత చెందినదో, వీనికి మాత్రము చిట్టా లేదు. వ్రాయబడని ఆ పద్దులు తీరవు. మరునాటికి, మరుసటి యేటికి, కొన్ని ఇండ్లలో మరు తరమునకు కూడ బాకీగా సాగుచుండును. అన్నదమ్ములు మాటలు మానిన ఇండ్లలో అసలు తగవు ఏనాడు, ఏ మాటతో మొదలైనదని అడిగిన, చెప్పగలవారు తరచుగా ఎవరును ఉండరు.

బసవేశ్వరుడు లెక్కల వృత్తి ఎరిగినవాడు. మంగళవేడెలో కరణికముతో ఉద్యోగము ప్రారంభించి, కల్యాణమున బిజ్జలుని భాండాగారమునకు అధికారి అయ్యెనని సంప్రదాయము చెప్పుచున్నది. భండారి బసవన్న అను పేరు అందువలననే వచ్చినది. రాజధనమునకు లెక్క చెప్పవలసిన ఆ మహనీయుడు 12వ శతాబ్దిలో పలికిన వచనములు పెక్కింట తన మనస్సునే లెక్క అడిగెను. మనస్సు నిలువకుండుటను, మాటకును నడతకును పొత్తు కుదరకుండుటను, భక్తిలో డంబము చొరబడుటను ఆయన పరులయందు గాక మొదట తనయందే చూపించెను. లోకమును దిద్దబోవువారిని ముందు తమ తనువును తమ మనస్సును దిద్దుకొనుడని హెచ్చరించిన వచనము శరణబంధువులందరును ఎరిగినదే.

ఐనను వచనములను దినచర్యలని చెప్పుట సరికాదు. అవి శరణుల గోష్ఠిలో పుట్టి, పదిమంది వినుటకై నిలిచిన మాటలు. దినచర్య ఒక్కరి కొరకు ఒక్కరు వ్రాసికొనునది. ఈ భేదమును మరువకయే, దినచర్య వ్రాయువారు బసవన్న వచనముల నుండి ఒక పద్ధతిని గ్రహింపవచ్చును. అచట నిలదీయబడువాడు పలుకువాడే, వినువాడు కూడలసంగమదేవుడు. పొరుగువాడు ముద్దాయిగా నిలుపబడడు. వినువాడు సర్వమును ఎరిగినవాడు కనుక, ఆయన యెదుట బొంకుటవలన లాభమును లేదు.

అంతరంగశుద్ధికిని బహిరంగశుద్ధికిని బసవన్న ఏడు నిషేధములను చెప్పెను. దొంగతనము, హత్య, అసత్యము, కోపము, పరుల యెడ ఏవగింపు, ఆత్మస్తుతి, పరనింద అనునవి కూడనివి. పిల్లలకు ఈ వచనమును కంఠస్థము చేయించు కుటుంబములు నేటికిని ఉన్నవి. చివరి రెండింటిని దినచర్య పుస్తకము చెంత పెట్టి చూచిన, అవి ఆ పుస్తకమునకే చెప్పినట్లు తోచును. దినచర్యకు పట్టు రోగములు ప్రధానముగా ఆ రెండే. కలము పట్టిన మొదటి వారము ఉత్సాహముతో సాగును. రెండవ వారము నుండి పుస్తకము వియ్యంకుల మీదను తోడికోడలి మీదను పితూరీల దస్తావేజుగా మారును. లేనిచో చేసిన దానములు, పొందిన సన్మానములు, చెప్పిన మంచి మాటలు ఇవియే పుటలు నింపును. ఈ రెండు విధములుగా వ్రాయుటకంటె వ్రాయకుండుటయే మేలు. కోపమును అక్షరములలో పెట్టి దినమునకొకమారు చదువుకొనువాడు దానిని ఎరువు వేసి పెంచుకొనుచున్నాడు.

ఇందుకు దుకాణము నుండియే ఒక ఉదాహరణమును తీసికొనవచ్చును. ఒక బట్టల వర్తకుడు తన దినచర్యలో “నేడు గుమాస్తా మరల ఆలస్యముగా వచ్చినాడు. గట్టిగా మందలించితిని. ఇట్టివారికి మంచితనము పనికిరాదు” అని వ్రాసెననుకొందురు గాక. ఇది పరనింద, దాని ప్రక్కన కొంచెము ఆత్మస్తుతి. ఆయన ఆ వాక్యముల క్రింద “అంతకుముందు ఏమి జరిగినది?” అను ప్రశ్నను వేసికొని జవాబు వ్రాసిన యెడల పుట స్వరూపమే మారును. ఉదయము అప్పు ఇచ్చినవాని నుండి కబురు వచ్చినది. వాయిదా సొమ్ము సమకూడలేదు. ఇంట ఆ మాట చెప్పలేక ఫలహారము చేయకయే బయలుదేరెను. గుమాస్తా ఆలస్యముగా వచ్చిన మాట నిజమే. కాని నిన్నటి దినము కూడ అతడు అంతే ఆలస్యముగా వచ్చెను, నిన్న కోపము రాలేదు. కనుక కోపము గుమాస్తాది కాదు, వాయిదాది. ఈ సంగతి కాగితము మీద కనబడిన తరువాత చేయవలసిన పనులు రెండు తేలును. వాయిదా మాట ఇల్లాలితో చెప్పుట ఒకటి, నలుగురిలో పడిన మాటకు గుమాస్తాతో సమాధానపడుట రెండవది. రెండవది కష్టము. మొదటిదియు తేలిక కాదు.

తప్పును గుర్తించుట వేరు, దాని మూలమును గుర్తించుట వేరు. 18వ శతాబ్దమున అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక చిన్న పుస్తకమున పదమూడు సద్గుణముల పేర్లు వ్రాసి, వారమునకు ఒక్కొక్క గుణము మీద శ్రద్ధ నిలిపి, తప్పిన దినమున ఒక నల్లచుక్క పెట్టుకొనుచుండెను. ఆ సంగతి ఆయన ఆత్మకథలో ఉన్నది. మొదట ఆయన వ్రాసికొనినవి పన్నెండే. గర్వమున్నదని ఒక మిత్రుడు చెప్పిన తరువాత వినయమును పదమూడవదిగా చేర్చెను. గర్వమును జయించుట అన్నిటికంటె కష్టమని కూడ ఒప్పుకొనెను. పద్ధతి మెచ్చదగినదే. ఐనను చుక్క తప్పు జరిగినదని చెప్పునే గాని ఎందుకు జరిగినదో చెప్పదు. పన్నెండు గుణములను ఎంచుకొనునప్పుడు గర్వము ఆయన కంటికి పడకుండుట కూడ గమనింపవలసిన విషయము. పరుడు చెప్పిన గాని అది పుస్తకమునకు ఎక్కలేదు.

ఎందుకు అను ప్రశ్నకు గల బలమును మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కూడ పరీక్షించిరి. జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అను అమెరికా పరిశోధకులు 1986లో ఒక పరిశోధనను ప్రకటించిరి. కళాశాల విద్యార్థులు నాలుగు దినములు వరుసగా, దినమునకు పదునైదు నిమిషములు వ్రాసిరి. కొందరు సామాన్య విషయములను వ్రాసిరి. తమ జీవితమున మిక్కిలి బాధించిన ఘటనను, దానివలన కలిగిన వేదనను కలిపి వ్రాసినవారు వ్రాసిన వెంటనే మరింత విచారముగా కనబడిరి; కాని తరువాతి మాసములలో వారు వైద్యుని కడకు పోవుట తగ్గెను. ఆ తరువాత జరిగిన పరిశీలనలలో మరియొక విశేషము తేలినది. దినదినమునకు “ఇందువలన”, “ఇప్పుడు తెలిసినది” వంటి మాటలు ఎవరి వ్రాతలో పెరుగుచు వచ్చెనో వారికే ఎక్కువ మేలు కలిగెను. ఒకే దుఃఖమును అవే మాటలతో తిరుగవ్రాసినవారికి అంత మేలు కలుగలేదు. ఈ ఫలితములను అతిగా చెప్పుటయు తగదు. 2006లో 146 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినప్పుడు సగటున మేలు ఉన్నదనియు, అది చిన్నదే అనియు తేలెను. దినచర్య సర్వరోగ నివారిణి కాదు.

వ్రాయు విధము మిక్కిలి సులభము. గీతల నోటుపుస్తకము ఒకటి చాలును. అట్టహాసపు బైండు పుస్తకమైనచో అందమైన వాక్యములు వ్రాయవలెనను కోరిక పుట్టును, అది అడ్డు. సాయంకాలపు ఇష్టలింగ పూజ ముగిసిన పిమ్మట పది పదునైదు నిమిషములు కూర్చుండుట మేలు. కరస్థలమున లింగమును నిలిపి చూచిన చూపు ఇంకను చల్లారక ముందే వ్రాసిన మాటలో బొంకు తక్కువగా ఉండును. తేదీ వేసి, ఆ దినమున మనస్సును కదిలించిన ఒక్క విషయమును మాత్రమే తీసికొనవలెను. జరిగినదేమి, తాను అన్నదేమి, అంతకుముందు తన మనస్సున ఉన్నదేమి, ఎదుటివానికి ఎట్లు కనబడి ఉండును, రేపు చేయవలసినదేమి, ఇంతవరకు వ్రాసిన చాలును. అన్న మాటను అన్నట్లుగానే వ్రాయవలెను. “కొంచెము కటువుగా మాటలాడితిని” అని వ్రాయుట తప్పించుకొనుట. ఆ కటువైన మాటనే పుటపై పెట్టిన యెడల చేయి ఒక క్షణము ఆగును. ఆ ఆగుటలోనే పని ఉన్నది. మేలు జరిగిన దినమున మేలును కూడ వ్రాయవచ్చును, కాని ఇతరులు చేసిన మేలును. పొరుగింటి వారు పంపిన పెరుగు గిన్నె కూడ పద్దుకెక్కదగినదే. ఒకనాడు వ్రాయలేకపోయినచో మరునాడు రెండు దినములది కలిపి వ్రాయనక్కరలేదు. వారమునకొకసారి వెనుకటి పుటలు చదివిన, ఒకే వ్యక్తి పేరు, ఒకే వేళ, ఒకే విధమైన కోపము తిరిగి తిరిగి వచ్చుట కనబడును.

ఆ పుస్తకమును ఎవరు చదువవలెను? సామాన్యముగా ఎవరును చదువరాదు. భర్త పుస్తకమును భార్యయు, కోడలి పుస్తకమును అత్తయు, ఎదిగిన పిల్లల పుస్తకములను తల్లిదండ్రులును తెరువకుండుట ఆ ఇంటి నియమము కావలెను. ఒక్కమారు చదివినట్లు తెలిసిన యెడల ఆ తరువాత వ్రాయబడునవి అన్నియు చదువువాని కొరకు వ్రాసినవే అగును. గాంధీజీ తన ఆశ్రమవాసులను దినచర్య వ్రాయుమని నిర్బంధించెను. మను గాంధీ దినచర్యను ఆయన స్వయముగా చదివి సంతకము చేయుచుండెను. గురువు చదువు దినచర్యకు శిక్షణ అను ప్రయోజనము ఉండవచ్చును. ఐనను అది వేరు జాతి పుస్తకము. గురువు చూచునను ఎరుకతో వ్రాసిన పుటలో శిష్యుడు కొంత దాచుట సహజము. మఠములలోని విద్యార్థి వసతిగృహములందు ఈ అలవాటు చేయింపదలచిన పెద్దలు ఈ భేదమును గమనింపవలెను. మార్కులు వేయబడు దినచర్య వ్యాసరచన అగును. సెల్‌ఫోనులో వ్రాయుట యువకులకు అలవాటు. దోషము లేదు, కాని ఇతరుల కంటబడకుండ తాళమైనను ఉండవలెను, వ్రాయుచున్నంతసేపు సందేశముల గంట మ్రోగకుండవలెను.

తనను తాను చూచుకొను కంటికి చూపు ఎంతవరకు ఆనునో ఆయ్దక్కి లక్కమ్మ కథ చెప్పుచున్నది. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుటను కాయకముగా చేసికొని, దానితో దాసోహము నడపుచుండెను. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ ఆ అధికమును చూచి, ఇది అవసరమా ఆశయా అని భర్తను నిలదీసి, మిగిలిన బియ్యమును తెచ్చినచోటనే వేసి రమ్మనెను. మారయ్య అబద్ధమాడినవాడు కాడు, దొంగిలించినవాడు అంతకంటె కాడు. దాసోహము కొరకే తెచ్చితినను సంతోషమున ఆయనకు ఆశ కనబడలేదు. ఆ రాత్రి ఆయన దినచర్య వ్రాసియుండినచో, “నేడు జంగమార్చనకు సమృద్ధిగా బియ్యము దొరకెను” అని తృప్తితో వ్రాసెడివాడేమో! చేసిన మంచిలోని దోషమును పట్టుటకు పుస్తకము చాలదు. కనుకనే శరణులు ఏకాంతమునకు తోడుగా అనుభవగోష్ఠిని ఏర్పరచుకొనిరి. దినచర్యలో తేలిన విషయమును మాసమునకొకసారియైనను నమ్మదగిన ఒకరితో, అది భార్య కావచ్చును, అన్న కావచ్చును, గురువు కావచ్చును, నోరు తెరచి చెప్పుట మంచిది. పుస్తకమును చూపనక్కరలేదు. వ్రాయలేని వృద్ధులకు ఈ మార్గము ఒక్కటియే చాలును.

దుఃఖము విషయమున మరికొంత జాగ్రత్త కావలెను. ఆప్తులు లింగైక్యమైన ఇంట మొదటి దినములలో కలము పట్టుమని ఎవరిని బలవంతపెట్టరాదు. ఏడ్పునకు దాని కాలము దానికి ఉన్నది. కొన్ని వారములు గడచిన పిమ్మట, పోయినవారితో మాటలాడుచున్నట్లు జాబు వలె వ్రాసికొనిన కొందరికి ఊరట కలుగును. చెప్పలేకపోయిన మాట, అడుగలేకపోయిన క్షమాపణ, వారు ఉండగా తెలియని మేలు, ఇవి అందు చోటు చేసికొనును. వ్రాసిన కొలది గుండె బరువు పెరుగుచున్నచో మానివేయవలెను. నిద్రాహారములు తప్పి వారములు గడచుచున్నను, బ్రదుకు మీద విరక్తి మాటలు పుటలలో మరల మరల వచ్చుచున్నను, అది వైరాగ్యమని పొరబడరాదు. అట్టి స్థితిలో పుస్తకమును మూసి ఇంటివారితో చెప్పి వైద్యుని చూడవలెను. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. దానికి రుసుము లేదు.

నిండిన పుస్తకములను ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలినది. కొందరు సంవత్సరాంతమున ఒకసారి చదివి కాల్చివేయుదురు. కొందరు పెట్టెలో దాచుకొందురు. దాచువారు తమ తరువాత వానిని ఏమి చేయవలెనో ఇంటివారికి ముందే చెప్పియుంచుట మంచిది. కోపమున వ్రాసిన పుట, ఆ కోపము తీరిన తరువాత కూడ, చదివిన మనుమనికి కోపముగానే కనబడును.