పాత పికప్‌కు వెనక డోరు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా నాయిన 1990లలో కొన్న టాటా మొబైల్ పికప్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇంజన్ పని చేయించాను. వెనక డోరు మాత్రం అడుగున తుప్పు పట్టి చిల్లులు పడ్డది. టింకరింగ్ మేస్త్రి దాన్ని తీసేసి, 3 ఎంఎం చెకర్ ప్లేటుతో కొత్త డోరు చేద్దామంటున్నడు. దాని మీద పెంబర్తి ఇత్తడి పని చేయించాలని నా ఆశ. కుదురుతుందా?
- జనగామ

జవాబు: డోరు పారేయకండి. టాటా వాళ్ల టెల్కో కంపెనీ ఈ బండిని 1988లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ కాలపు అసలు డోరు ఇప్పుడు దొరకడం కష్టం. దాని మీది ఉబ్బెత్తు అక్షరాలను ఏ షెడ్డులోనూ మళ్లీ అంత నీటుగా దించలేరు. కంపెనీ డోరు పలచటి రేకును మడతలు పెట్టి, ప్రెస్సులో నొక్కి చేసింది. దాని బలం మందంలో లేదు, ఆ మడతల్లో ఉంది. 3 ఎంఎం ప్లేటు చదరపు మీటరుకు 24 కిలోల దాకా తూగుతుంది, 1 ఎంఎం రేకు 8 కిలోలే. అంత బరువు రోజుకు పదిసార్లు దబ్బున కింద పడుతుంటే ముందు కబ్జాలు వదులవుతాయి, తర్వాత అవి బిగించిన చోట బాడీ రేకు చిరుగుతుంది.

అసలు రోగం ఎక్కడుందో చూడండి. డోరుకు రెండు పొరలుంటాయి. పైనుంచి దిగిన వాన నీరు, వడ్ల పొట్టు, దుమ్ము కలిసి అడుగు మడతలో పేరుకుంటాయి. నీళ్లు పోవడానికి అక్కడ ఉండే చిన్న రంధ్రాలు మట్టితో, పాత పెయింటుతో మూసుకుపోతే తుప్పు లోపలి నుంచి తింటూ వస్తుంది. బయటికి బుడగలు కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. చిన్న సుత్తితో అడుగు నుంచి పైకి తట్టుకుంటూ రండి. మెత్తటి చప్పుడు పోయి ఖంగుమనే దాకా ఎంత మేర ఉందో అంతే కోయించండి. అదే మందం రేకును ప్యాచ్ వేసి, ఒకేసారి పొడుగ్గా కాకుండా చుక్కలు చుక్కలుగా, చల్లారనిస్తూ వెల్డింగ్ చేయమనండి. లేకుంటే వేడికి రేకు వంకర తిరిగి గొళ్లెం పడదు. డోరును బండి నుంచి ఊడదీశాకే వెల్డింగ్ పెట్టాలి. బండి మీద ఉండగానే తప్పదంటే బ్యాటరీ వైర్లు తీసేయాలి. చివరగా లోపలి వైపు కూడా రెడ్ ఆక్సైడ్ పోయించి, నీటి రంధ్రాలు తెరిచి ఉంచండి. చాలామంది లోపలి వైపును వదిలేస్తారు. రెండేళ్లకు మళ్లీ అదే కథ.

ఇక ఇత్తడి. మీ ఆశ నాకు చాలా నచ్చింది. మీ పక్క ఊరు పెంబర్తి పనితనానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గుళ్ల ధ్వజస్తంభాలకు తొడుగులు చేసిన చేతులవి. జనగామ బండి మీద ఆ పనే ఉండాలి. కానీ ఇత్తడి, ఇనుము ఒకదానికొకటి తగిలి తడిస్తే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. కాబట్టి నేరుగా రివెట్లు కొట్టించకండి. రేకు వెనక పలచటి రబ్బరు షీటు, స్క్రూల దగ్గర నైలాన్ వాషర్లు పెట్టించండి. లక్క మీద పెట్టి ఉలితో ఉబ్బెత్తు తీసిన రేకు మెత్తగా ఉంటుంది, బస్తా తగిలితే సొట్ట పడుతుంది. అందుకే డోరు మొత్తం కప్పకుండా, బయటి వైపు గొళ్లేలకు దూరంగా, విప్పి తీయగలిగేలా ఒక చిన్న పలక చాలు. అంచులు బయటికి పొడుచుకు రాకూడదు, నంబరు ప్లేటుకు అడ్డం పడకూడదు.

ప్రశ్న: నా పాత టాటా 207 పికప్‌లో మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు తీసుకపోతాను. బస్తాలు తేలిక, జాగ ఎక్కువ పడుతది. వెనక డోరును అడుగున్నర ఎత్తు పెంచి, కిందికి దిగేది కాకుండా రెండు రెక్కలుగా పక్కకు తెరుచుకునేలా చేయించొచ్చా?
- మహబూబాబాద్

జవాబు: ఆర్టీఏ ఆఫీసులో అడగకుండా మాత్రం వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకు, కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. సరుకు అనుమతించిన ఎత్తు, పొడవు దాటితే జరిమానా 20,000, పైగా దించిన ఖర్చూ మీదే. మిర్చి ధర పడిపోయిన ఏడు ఒక్క చలానా చాలు, ఆ ట్రిప్పు లాభమంతా పోవడానికి.

ఎత్తు పెంచితే ఇంకో చిక్కు ఉంది. కింద బస్తాలు తేలికైనా, బరువు పైకి పోయిన కొద్దీ మలుపులో బండి ఊగుతుంది. పాత కమాను పట్టీలకు అది అసలే పడదు. మీకు నిజంగా కావలసింది బస్తాలు వెనక్కి జారకుండా ఉండటం. ఉన్న డోరుకే గొళ్లేలు గట్టివి మార్పించండి, అరిగిన కబ్జా పిన్నులు కొత్తవి వేయించండి, లోపలి మూలల్లో తాడు కట్టుకునే కొండీలు పెట్టించండి. పైన టార్పాలిన్ వేసి తాడు బిగిస్తే సరిపోతుంది.

ప్రశ్న: మేడారం జాతరకు ఇంటిల్లిపాదినీ మా పికప్‌లోనే తీసుకపోదామని, వెనక డోరుకు మెట్లు, లోపల బెంచీలు పెట్టిద్దామనుకుంటున్న.
- భూపాలపల్లి

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. గూడ్సు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గొళ్లెం ఊడితే వెనక కూర్చున్న పిల్లలకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది, వాటిలో వెళ్లండి. బెల్లం, సామాను పికప్‌లో రానివ్వండి. సరుకు ఎక్కించే హమాలీల కోసమైతే డోరుకు తగిలించి తీసేసే చిన్న నిచ్చెన చేయించి, నడిచేటప్పుడు లోపల పెట్టుకోండి.

ప్రశ్న: డోరుకు ఒక పక్క చెయిన్ తెగింది. ఆ ఒక్కటే మారిస్తే చాలదా?
- తొర్రూరు

జవాబు: చాలదు. పాతది కొంత సాగి ఉంటుంది. కొత్తది పొట్టిగా ఉంటే డోరు బరువంతా ఒక పక్కే పడి మెలి తిరుగుతుంది. రెండూ ఒకే కొలతవి వేయండి. తెరిచినప్పుడు డోరు బల్లపరుపుగా నిలవాలి. చెయిన్లకు పాత సైకిల్ ట్యూబు తొడిగితే పెయింటు గీరుకుపోదు, చప్పుడూ తగ్గుతుంది. డోరు దించి పొడుగు వెదురు బొంగులు వేసుకుని పోవడం మానండి, వెనక లైట్లు, నంబరు కనబడవు. మళ్లీ పెయింటు వేయించాక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు వెనకాల తప్పక అంటించండి. ముందుకు తెలుపు, పక్కలకు పసుపు. రంగులు తారుమారైతే ఫిట్‌నెస్‌లో ఆపుతారు.