ఛాయాచిత్రకారుడు తరువాత కొనవలసిన పరికరమేది?

ఛాయాచిత్రములు తీయుట నభ్యసించినవారికి కొంతకాలము గడచిన పిమ్మట నొక సందేహము తప్పక కలుగును. చేత నొక కెమెరా యున్నది, కొంత సొమ్ము కూడినది, ఇక కొనవలసినదేది? అంగడివాడు క్రొత్త కెమెరాను చూపును. మిత్రుడు పెద్ద లెన్సును పొగడును. ప్రకటనలు చూచినచో నన్నియు నత్యవసరములే యని తోచును. విద్యార్థి చేతిలోని సొమ్ము తలిదండ్రుల కష్టార్జితము గనుక నీ ప్రశ్నకు తొందరపడి యుత్తరము చెప్పరాదు. మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములనుండియే యుదాహరణములు గైకొని దీనిని విచారింతము.

విషయ ప్రాముఖ్యము: నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధమైన యూరు. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన కర్నూలు జిల్లానుండి విడివడి యేర్పడిన నంద్యాల జిల్లాలో నిది చేరినది. అచ్చటి శిల్పులు దేవతామూర్తులను, మహనీయుల విగ్రహములను రాతితో మలచెదరు. విగ్రహము పూర్తియైన పిదప లారీ నెక్కి, కోరినవారి యూరికి పోవును. ఎన్నో దినములు దానితో గడపిన చేతులు మరల దానిని తాకవు. ఊరిలో దానికి గురుతుగా మిగులునది, ఎవరైన తీసియుంచినచో, ఛాయాచిత్ర మొక్కటియే. అట్టి చిత్రము చెడినచో మరల తీయుటకు వీలులేదు. కావున పరికరమును గూర్చిన యాలోచన వట్టి వేడుక కాదు.

దోషనిర్ణయము: నాడి చూడక మందిచ్చు వైద్యుని మనము నమ్మము. పరికరము కొనుటయు నట్టిదే. ఇటీవల తీసిన 50 చిత్రములను ముందుంచుకొని, బాగుగా రానివానిని వేరుచేసి, ప్రతిదానికిని కారణము వ్రాయవలెను. బొమ్మ యంతయు నొకే దిక్కునకు అలికినట్లున్నచో, తీయునప్పుడు కెమెరా కదలినది. గోడ స్పష్టముగానుండి మనుష్యుని చేయి మాత్రము చెదరియున్నచో, కదలినది కెమెరా కాదు, ఆ మనుష్యుడు. నీడల యందు ఇసుక చల్లినట్లు గరుకుగానున్నచో వెలుగు చాలలేదు. కోరిన వస్తువు మిక్కిలి చిన్నదిగా పడినచో దూరము దోషము. అంతయు స్పష్టముగానుండియు బొమ్మ చప్పగానున్నచో వెలుగు వచ్చిన దిక్కు దోషము. ఈ యైదు రోగములకును మందులు వేరువేరు.

ఒకే పాక, రెండు చిత్రములు: శిల్పి రేకుల పాక నీడలో పనిచేయుచున్నాడనుకొందము. కెమెరాతోపాటు వచ్చు సామాన్యపు జూమ్ లెన్సు 50 మిల్లీమీటర్ల యొద్ద ఎఫ్ 5.6 కంటె పెద్దదిగా తెరచుకొనదు. ఆ వెలుగులో షట్టరు సెకనులో 20వ వంతు కాలము తెరచియుండవలసి వచ్చినది. మనకు కావలసినవి రెండు చిత్రములు: ఒకటి విగ్రహము, రెండవది శిల్పి.

విగ్రహము కదలదు. కెమెరాను ట్రైపాడుపై నిలిపి, లెన్సును ఎఫ్ 8కి మూసి, ఐ.ఎస్.ఓ. తగ్గించి, షట్టరును ఒక సెకను కాలమైనను తెరచియుంచవచ్చును. మీట నొక్కునప్పటి కదలిక తగులకుండ కెమెరాలోని టైమరు నుపయోగింపవలెను. కిరీటము మొదలు పీఠము వరకు చెక్కడమంతయు తేటగా వచ్చును. ఈ పనికి ట్రైపాడు చాలును. ఖరీదైన లెన్సు అక్కరలేదు.

శిల్పి విషయమున ట్రైపాడు వ్యర్థము. కెమెరా స్థిరముగానున్నను చేయి కదలుచునే యుండును. కొన్ని లెన్సులలో వణకు తగ్గించు ఏర్పాటు కలదు గాని అది మన చేతి వణకునే తగ్గించును. ఎదుటివాని కదలికను నిలుపజాలదు. ఇచ్చట కావలసినది వెలుగు. ఎఫ్ 1.8 వరకు తెరచుకొను 50 మిల్లీమీటర్ల లెన్సు నుపయోగించినచో నేమగునో లెక్కింతము. ఎఫ్ సంఖ్య తగ్గినకొలది రంధ్రపు వ్యాసము పెరుగును; వెలుగు ఆ వ్యాసపు వర్గమును బట్టి పెరుగును. 5.6ను 1.8చే భాగించిన సుమారు 3.1 వచ్చును, దాని వర్గము తొమ్మిదిన్నరకు మించును. అనగా సెకనులో 20వ వంతు పట్టిన చిత్రము ఇప్పుడు ఇంచుమించు 200వ వంతులో ముగియును. శిల్పి ముఖమును, ఉలి పట్టిన చేయియు నిలిచిపోవును. సుత్తి కొంచెము చెదరినను అది శ్రమకు చిహ్నమే గాని లోపము కాదు. అయితే ఈ లాభమునకు వెల కలదు: రంధ్రము పెద్దదైనప్పుడు స్పష్టత పలుచనగును. దగ్గరనుండి తీసినచో కన్ను తేటగానుండి చెవి మసకబారవచ్చును.

ఒకే పాక, ఒకే వెలుగు. అయినను కొనవలసిన వస్తువులు రెండు. ఏ చిత్రము తీయదలచితిమో తెలియక పరికరము నిర్ణయించుట యెట్లు?

కొన నక్కరలేనిది: రాతి చెక్కడము మన కంటికి కనబడుట నీడల వలననే. కెమెరాపైనున్న ఫ్లాష్ ఎదురుగా తగిలినచో నీడలు తొలగి, లోతైన చెక్కడముకూడ పలకవలె చదునుగా కనబడును. ఉదయ సాయంకాలములందు ఏటవాలుగా పడు ఎండలోగాని, ప్రక్కనున్న వాకిలి వెలుగులోగాని తీసినచో ప్రతి గీతయు లేచినట్లుండును. నీడ మిక్కిలి నల్లనైనచో రెండవ ప్రక్కన తెల్లని పంచె నొకదానిని పరచి పట్టుకొనిన చాలును. ఇది కాసు ఖర్చులేని వైద్యము. ఓపికతో కుదురు రోగమునకు సొమ్ముతో మందు వెదకరాదు.

దూరపు దృశ్యములు: జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యము బట్టమేకపిట్ట రక్షణకై 1988లో నేర్పడినది. అచ్చటి బయళ్లలో కృష్ణజింకలు కలవు. వానిని తరుముకొని పోయి తీయుట తగదు. ఒకే దూరమునుండి 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినచో 50 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినదానికంటె రూపము ఆరు రెట్లు పొడవుగా వచ్చును. అనేక ఫోనులలో మిక్కుటముగా జూమ్ చేయుట యనగా బొమ్మ నడిమి భాగమును కోసి పెద్దది చేయుటయే. క్రొత్త వివరము చేరదు. కావున పక్షులను, మృగములను తరచుగా తీయువారికి పొడుగు లెన్సు న్యాయమైన కోరిక. సంవత్సరమున కొకమారు పోవువారు అద్దెకు తెచ్చుకొనుట మేలు.

కెమెరాయా, లెన్సా: 1900వ సంవత్సరమున కోడాక్ సంఘమువారు బ్రౌనీ యను పెట్టె కెమెరాను ఒక డాలరునకు విక్రయించిరి. మన దేశమున బహుకాలము వాడుకలోనుండిన ఆగ్ఫా క్లిక్ 3లో ఒక రోలుకు 12 చిత్రములే పడెడివి. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళుడు (1844–1905) గాజు పలకలపై తీసెను. పలక యొక్కొక్కటియు విలువైనది గనుక ముందాలోచింపక తీయుట వారికి కుదరలేదు. పాత కెమెరా నీడలలో గరుకును, చీకటిలో దృష్టి నిలుపలేకపోవుటను తరచుగా చూపుచున్నచో క్రొత్త కెమెరా కొనుట సమంజసమే. అట్లు కానిచో లెన్సు కొనుట మేలు. కెమెరా మారినను, పట్టు కుదిరినచో, లెన్సు వెంట వచ్చును. ఒక కంపెనీ లెన్సు మరియొక కంపెనీ కెమెరాకు సాధారణముగా పట్టదు. పాతది కొనునప్పుడు లెన్సును వెలుగునకెదురుగా పట్టి, లోపల సాలెగూడువంటి బూజు లేదని చూచుకొనవలెను.

రక్షణ: శిల్పశాలలో రాతిపొడి యెల్లప్పుడు నెగురుచుండును. అచ్చట లెన్సు విప్పినచో పొడి లోపలి సెన్సారుపై పడి, ప్రతి చిత్రమునను మచ్చయై కనబడును. బయటనే లెన్సు మార్చుకొని లోపలికి పోవలెను. చిత్రములన్నియు నొకేచోట దాచుకొనువారు అన్నిటికంటె ముందు రెండవ ప్రతి నుంచుటకు ఒక డిస్కు కొనవలెను. విగ్రహము పోయినది, చిత్రమును పోయినచో మిగులున దేమి? పనివారి చిత్రము తీయుటకు ముందు, “అయ్యా, తీయవచ్చునా?” యని యడుగుట మరువరాదు. ఆలయములలో నిషేధమున్నచోట కెమెరాను సంచిలోనే యుంచవలెను.

అభ్యాసము: విద్యార్థులారా, ఒక కాగితముపై మూడు వరుసలు గీయుడు. మొదటి వరుసలో చెడిన చిత్రమును, రెండవదానిలో దాని దోషమును, మూడవదానిలో ఖర్చులేకుండ దానిని సరిచేయు నుపాయమును వ్రాయుడు. ఒక నెల యిట్లు చేయుడు. మూడవ వరుసలో వ్రాయుటకేమియు తోచని దోషము తరచుగా వచ్చుచున్నచో, మీరు కొనవలసిన వస్తువేదో ఆ కాగితమే చెప్పును. దానిని మీ తలిదండ్రులకు చూపి పిమ్మట అంగడికి పొండు.