‘రన్’ అను ఆంగ్ల క్రియ – అర్థ వైవిధ్యము

ఆంగ్లభాషను అభ్యసించు మన విద్యార్థులను భయపెట్టునవి పెద్ద పెద్ద పదములని సామాన్యముగా అనుకొందురు. ఇది పూర్తిగా సత్యము కాదు. ‘ఫోటోసింథసిస్’ అనగా కిరణజన్య సంయోగక్రియ అని ఒకసారి నేర్చుకొన్న విద్యార్థికి ఆ పదముతో మరల చిక్కు రాదు. దానికి ఉన్నది ఒక్కటే అర్థము. నిజముగా చిక్కు పెట్టునవి గెట్, సెట్, పుట్, టేక్, రన్ వంటి చిన్న క్రియలు. ఇవి ప్రతి పుటలోను కనబడును. ప్రతి పుటలోను వేరు వేరు అర్థములతో కనబడును. వీటిలో ‘రన్’ అను ఒక్క క్రియను తీసికొని, దాని అర్థములను గ్రహించు మార్గమేదో ఈ వ్యాసమున పరిశీలింతుము.

ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు తొలి భాగము 1884లో వెలువడినది. గ్రంథము 1928లో పూర్తి అయినది. 1989 నాటి రెండవ కూర్పులో అన్నిటికంటె దీర్ఘమైన వివరణ ‘సెట్’ అను క్రియకు ఉండెను. తరువాతి సవరణలలో ఆ స్థానము ‘రన్’కు దక్కినది. సంపాదకులలో ఒకరైన పీటర్ గిల్లివర్ ఈ ఒక్క క్రియపై తొమ్మిది నెలలకు పైగా శ్రమించి, 645 అర్థచ్ఛాయలను వేరుపరచినట్లు 2011లో వెల్లడి అయినది. ఇన్నిటిని కంఠస్థము చేయుట ఎవరి తరము? ఆంగ్లేయుల బిడ్డలు కూడ వీటిని కంఠస్థము చేయరు. అయినను వారికి ఇవి తెలియును. ఎట్లు తెలియునో గ్రహించుటకు మనము ముందుగా మన మాతృభాషల వైపు చూడవలెను.

తెలుగులో ‘నడుచు’ అను క్రియ కలదు. మనిషి నడుచును. బస్సు నడుచును. దుకాణము నడుచును. బడి నడుచును. కాళ్ళున్నది మొదటి దానికి మాత్రమే. మన ప్రాంతమున ‘ఈ నోటు నడుస్తదా?’ అని అడుగుదురు. ‘నడుస్తది’ అని జవాబు చెప్పుదురు. ఉర్దూలో ‘చల్నా’ అను క్రియ ఇట్టిదే. ఆద్మీ, బస్, దుకాన్, సిక్కా, హుకుం – అన్నియు ‘చల్తే హై’. ఈ అర్థములను మనకు ఎవ్వరును పట్టిక వ్రాసి నేర్పలేదు. ఏ మాట ప్రక్కన ఏ మాట వచ్చునో వినుచు పెరిగితిమి. క్రియకు అర్థమును ఇచ్చునది దాని ప్రక్కనున్న మాటయే. ‘రన్’ విషయమున కూడ ఈ సూత్రమునే పట్టుకొందము.

మొదటిది ప్రాణుల పరుగు. ‘ది బాయ్ రన్స్’ అనగా బాలుడు పరుగెత్తును. ఉర్దూలో ‘లడ్కా దౌడ్‌తా హై’. ఇచ్చట చిక్కు లేదు.

రెండవది ద్రవముల ప్రవాహము. ‘ది కృష్ణా రన్స్ పాస్ట్ సోమశిల’ అన్నచో కృష్ణానది సోమశిల ప్రక్కగా పారును అని అర్థము. ఉర్దూలో నది ‘బహతీ హై’. ముక్కు విషయమున ఇదే ‘రన్’ వచ్చినచో తెలుగులో ‘కారును’ అందుము. ఇది కవుల కల్పన కాదు. మిక్కిలి ప్రాచీనమైన అర్థము. ప్రాచీనాంగ్లములోని ‘రిన్నన్’ అను రూపమునకు పరుగెత్తుట, ప్రవహించుట అను రెండు అర్థములును ఉండెను. ఇచ్చట తెలుగు విద్యార్థి ఆనందింపదగిన విషయమొకటి కలదు. మన ‘పాఱు’ అను క్రియకు కూడ పూర్వము ఈ రెండు అర్థములును ఉండెను. నీరు పారుట నేటికిని నిలిచినది. పరుగెత్తుట అను అర్థము ‘పారిపోవు’ అను మాటలో దాగియున్నది. సంబంధము లేని రెండు భాషలు ఒకే బాటలో ఆలోచించినవి.

మూడవది యంత్రముల చలనము. బస్సు ‘రన్స్’, నీటి మోటారు ‘రన్స్’. ఆంగ్లము పరుగెత్తిన చోట తెలుగు నడుచును, ఉర్దూ ‘చల్తీ హై’. ‘బస్సు పరుగెత్తును’ అని వ్రాసినచో వేగమును గూర్చి చెప్పినట్లగునే గాని, నాగర్‌కర్నూలుకు బస్సు సౌకర్యము ఉన్నదని చెప్పినట్లు కాదు.

నాల్గవది నిర్వహణము. ‘షి రన్స్ ఎ స్కూల్’ అనగా ఆమె బడి నడుపుచున్నది. ఇచ్చట క్రియకు కర్మ వచ్చినది. కనుక అర్థము మారినది. బడి పరుగెత్తదు, ఆమెయు పరుగెత్తదు. ఉర్దూలో దీనిని ‘మద్రసా చలానా’ అందుము. నడుచు, నడుపు, చల్నా, చలానా – మన భాషలు క్రియారూపమును మార్చి చూపు భేదమును ఆంగ్లము రూపము మార్చకయే చూపుచున్నది. మన విద్యార్థి తడబడుటకు ఇది ముఖ్య కారణము.

ఐదవది వ్యాప్తి. రోడ్డు సోమశిల వరకు ‘రన్స్’. మామిడి తోట చుట్టును కంచె ‘రన్స్’. ఇచ్చట కదలునది ఏదియు లేదు. చూచువాని దృష్టి మాత్రమే కదలును. తెలుగులో రోడ్డు ‘పోవును’. ఉర్దూలో సడక్ ‘జాతీ హై’. కంచె మాత్రము తెలుగులో కదలదు. తోట చుట్టును ‘ఉన్నది’ అందుము.

ఆరవది కాలము. దీని విషయమున పొరబడినచో పరీక్షలో మార్కులు మాత్రమే గాక, ఇంటిలోని ధనము కూడ పోవచ్చును. 1963 నాటి కాలపరిమితి చట్టపు అనుబంధములో, గడువు ఏ నాటి నుండి ‘రన్’ అగుట ప్రారంభించునో తెలుపు ఒక గడి కలదు. కోరిన వెంటనే చెల్లింపవలసిన ప్రామిసరీ నోటుపై, వేరు ఒప్పందమేదియు లేనప్పుడు, దావా వేయుటకు గడువు 3 సంవత్సరములు. ఆ గడువు లెక్కకు వచ్చునది నోటు వ్రాసిన తేదీ నుండియే గాని, అప్పు ఇచ్చినవాడు వెళ్ళి అడిగిన తేదీ నుండి కాదు. ఒకసారి గడువు నడక సాగిన పిమ్మట, తరువాత కలిగిన అశక్తత దానిని సామాన్యముగా ఆపదని అదే చట్టములోని 9వ సెక్షను చెప్పుచున్నది. నడుమ బాకీలో కొంత చెల్లించుట, వ్రాతపూర్వకముగా ఒప్పుకొనుట వంటివి లేనిచో, మూడేండ్లు నిండిన నోటుకు ‘కాలదోషము పట్టినది’ అందుము. ఆంగ్లములో కాలము పరుగెత్తును; తెలుగులో గడచును – అందువలననే దానిని ‘గడువు’ అనుచున్నాము; ఉర్దూలో అది ‘మియాద్’. ఇంటిలో చదువుకొన్నవాడు తానొక్కడే అయిన విద్యార్థి చేతికి అట్టి కాగితము వచ్చినప్పుడు, ఈ చిన్న క్రియను సరిగా చదువుట ఎంతటి బాధ్యతయో ఆలోచింపుడు.

ఏడవది ఎన్నికలు. అమెరికా దేశమున అభ్యర్థి పదవికై ‘రన్’ చేయును. బ్రిటనులో ‘స్టాండ్’ అందురు, అనగా నిలబడును. మన తెలుగు అభ్యర్థి కూడ నిలబడును. ఉర్దూ అభ్యర్థి ‘ఖడా’ అగును, లేదా ఎన్నిక ‘లడ్‌తా హై’. చేయుపని ఒక్కటే, ఒకరు పరుగెత్తిరి, ఒకరు నిలబడిరి, ఒకరు పోరాడిరి.

ఇక క్రియ వెంట వచ్చు చిన్న మాటల సంగతి. ‘రన్ అవుట్ ఆఫ్ ఆయిల్’ అనగా నూనె అయిపోవుట. ‘రన్ ఇంటు డెట్’ అనగా అప్పులపాలగుట. ‘రన్ అక్రాస్ ఎ ఫ్రెండ్’ అనగా మిత్రుడు అనుకోకుండ ఎదురుపడుట. ‘రన్ ఓవర్’ అనగా వాహనము మీదుగా పోవుట. క్రికెట్టులో ‘రన్ అవుట్’ వేరు. ఆ ఆటలో బంతి నేలను తాకి సరిహద్దు దాటినచో బ్యాటరు పరుగెత్తకయే నాలుగు పరుగులు లభించును! ఇచ్చట మన ‘పరుగు’ కూడ ఆంగ్లపదము వెంట నడచి క్రొత్త అర్థమును సంపాదించుకొన్నది.

విద్యార్థి మిత్రులారా! ‘రన్’ కనబడిన చోట మూడు ప్రశ్నలు వేసికొనుడు. కర్త ఏది – ప్రాణియా, ద్రవమా, యంత్రమా, దారియా, కాలమా? కర్మ ఉన్నదా, లేదా? క్రియ వెంట చిన్న మాట ఏదైనను వచ్చినదా? ఈ మూడింటికి సమాధానము దొరికినచో అర్థము చాలవరకు తేటపడును. పిమ్మట మీ అనువాదమును ఇంటిలో అమ్మతో చెప్పిన మాటగా ఊహించి చూడుడు. ఆమె ‘గట్ల ఎవరంటరు?’ అని నవ్వునట్లున్నచో మరల వ్రాయుడు. ‘షి ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్’ అన్నదానికి ‘ఆమె ఉష్ణోగ్రతను పరుగెత్తించుచున్నది’ అని ఏ తల్లియు అనదు. ‘పిల్లకు జ్వరమొచ్చింది’ అనును. అదియే సరియైన తెలుగు. పదమునకు అర్థము వ్రాసికొనుట మాని, పూర్తి వాక్యమును వ్రాసికొనుడు. రోజునకు ఒక్క వాక్యము చొప్పున వ్రాసినను సంవత్సరాంతమునకు మూడు వందలకు మించి చేరును.

ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడు విద్యార్థులు తమకు ఆంగ్లము రాదని చిన్నబుచ్చుకొనుట మేము చూచుచున్నాము. వారు చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. ఒకే పనిని రెండు భాషలు రెండు విధములుగా చెప్పునని వారు చిన్ననాడే ఎరిగినవారు. మూడవ భాషకు కావలసిన మెలకువ ఇదియే. ఈ ప్రాంతపు విద్యాచరిత్రయు దీనికి సాక్షి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూలో ఉన్నత విద్య బోధించుటకై 1917లో అనువాద శాఖ ఏర్పడినది. ఆ శాఖతో సంబంధమున్న మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి సంపాదకత్వమున 1937లో గొప్ప ఆంగ్ల–ఉర్దూ నిఘంటువు వెలువడినది. తెలుగునకు అంతకు పూర్వమే సి.పి. బ్రౌను నిఘంటువులు ఉండెను. ఈ పెద్దలు దేశభాషలను విడిచి కాదు, వాటిని గట్టిగా పట్టుకొనియే ఆంగ్లముతో వ్యవహరించిరి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపమొకటి. పఠన మందిరమున బల్లపై, తాళము లేని చోట, ఒక పెద్ద ఆంగ్ల నిఘంటువును, దాని ప్రక్కన ఆంగ్ల–తెలుగు, ఆంగ్ల–ఉర్దూ నిఘంటువులను ఉంచవలెను. మూడును ప్రక్కప్రక్కన తెరచి చూచు విద్యార్థికి మా పాఠముకంటె అవియే ఎక్కువ నేర్పగలవు.