హీటర్ చల్లగా కొడుతోందా? ముందు నీళ్లు చూడండి

బెంగళూరు పక్క జిగణిలో కార్ల పని చేస్తూనే తల నెరిసింది. అటు బొమ్మసంద్ర, ఇటు బన్నేరుఘట్ట, కిందికి పోతే ఆనేకల్, హోసూరు. తరాలుగా తెలుగు మాట్లాడే ఊళ్లు ఈ పట్టున చాలా ఉన్నాయి. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకూ, బండి నడిపే మనవాళ్లకూ నేను చెప్పేది ఒకటే: హీటర్ చల్లగాలి కొడితే ఆ జబ్బు చాలాసార్లు ఇంజను నీళ్లలో, అంటే కూలంట్‌లో, ఉంటుంది. దాన్ని చలికాలం ఇబ్బంది అనుకుని వదిలేస్తే ఎండాకాలంలో ఇంజనే పోవచ్చు.

1. హీటర్‌కు సొంత వేడి లేదు.
పెట్రోలు, డీజిలు కార్లలో ఇంజను వేడిని మోసుకొచ్చే కూలంటే డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వెళుతుంది. దాన్ని హీటర్ కోర్ అంటాం. ఫ్యాను దాని మీదుగా గాలి తోస్తుంది. అందుకే చూడాల్సినవి మూడు: నీళ్లు ఉన్నాయా, అవి వేడెక్కి కోర్ దాకా వస్తున్నాయా, గాలి కోర్ మీదుగా పోతోందా. బ్యాటరీ కార్ల లెక్క వేరు. వాటిలో వేడి కరెంటుతో పుడుతుంది, అది హై వోల్టేజి పని. నేర్చినవాళ్లు తప్ప చెయ్యి పెట్టకూడదు.

2. మూత తీసేది ఇంజను పూర్తిగా చల్లారాకే.
వేడి రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తిప్పగానే ఒత్తిడి పోయి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చల్లారాక మట్టం చూడండి. తగ్గితే మొదట దెబ్బ తగిలేది తరచు హీటర్‌కే. అయితే నీళ్లు పోసి పంపేస్తే పని అయిపోయినట్టు కాదు. హోసు, వాటర్ పంపు, రేడియేటర్, కోర్... ఎక్కడ కారుతోందో పట్టుకోవాలి.

3. ముల్లు పైకి లేవకపోతే థర్మోస్టాట్‌ను అనుమానించండి.
పావుగంట నడిపినా ఇంజను వేడి చూపే ముల్లు కిందే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది, లేదా అసలు ఉండదు. నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే ఈ వాల్వు సాధారణంగా 80–90 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. ఇంజను హీటవుతోందని దాన్ని పీకి పారేసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. అలా చేస్తే ఇంజను సరైన వేడికి చేరదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ మురికి పడుతుంది. కొత్తది బిగించండి, హీటవడానికి అసలు కారణం వేరే వెతకండి.

4. రెండు హోసులే అంతా చెబుతాయి.
ఇంజను వేడెక్కాక హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, కాసేపాగి ఇంజను ఆపేయండి. కోర్‌కు వెళ్లే హోసునూ, తిరిగొచ్చే హోసునూ మెల్లగా తాకి చూడండి. రేడియేటర్ ఫ్యానుకు చెయ్యి దూరంగా ఉంచండి, తాళం తీసినా అది తిరగొచ్చు. రెండూ వేడిగా ఉంటే నీళ్ల తప్పు లేదు, గాలి దారి చూడాలి. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కోర్ మూసుకుపోయింది, లేదా హీటర్ వాల్వు తెరుచుకోలేదు. ముల్లు మధ్యలో ఉండి రెండూ చల్లగా ఉంటే నీళ్లు తక్కువ, ఎయిర్‌లాక్ (లోపల గాలి చిక్కుకోవడం), లేదా పంపు బలహీనం.

5. బోరు నీళ్లు పోయకండి.
ఉప్పు నీళ్లు వేడికి సున్నం కడతాయి, కోర్‌లోని సన్నని గొట్టాలు ముందుగా మూసుకుపోతాయి. కంపెనీ పుస్తకంలో రాసిన కూలంటే వాడండి. చిక్కటిది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో, సాధారణంగా సగం సగం, కలపాలి. రంగు ఒకటే అని రెండు రకాలు కలపొద్దు. మూసుకున్న కోర్‌ను నీళ్లు తిరిగొచ్చే హోసు వైపు నుంచి తక్కువ ఒత్తిడితో కడగండి, గట్టిగా కొడితే పగులుతుంది. కారడం ఆపే పొడులు కోర్‌నే మూసేస్తాయి.

6. నీళ్లు మార్చాక గాలి తీయండి.
కోర్‌లో గాలి చేరితే నీళ్లు నిండుగా ఉన్నా వేడి రాదు. చల్లని ఇంజనులో, బండి ముక్కు ఎత్తుగా నిలిపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి మెల్లగా నింపండి. బ్లీడ్ స్క్రూ ఉంటే అక్కడ బుడగలు ఆగేదాకా వదలండి.

7. గాలి దారిని చివరగా చూడండి.
డాష్‌బోర్డు వెనక టిక్ టిక్ మంటే గాలి దారి మార్చే ఫ్లాప్‌ను తిప్పే చిన్న మోటారు పళ్లు అరిగి ఉంటాయి. పాత బండిలో కేబులు జారుతుంది. గాలే తక్కువైతే క్యాబిన్ ఫిల్టర్ తీయండి. మా వైపు గ్రానైట్ పాలిష్ దుమ్ము దాన్ని త్వరగా నింపేస్తుంది.

8. కొన్ని గుర్తులు కనిపిస్తే బండి కదపకూడదు.
హీటర్ చల్లబడి ముల్లు పైకి ఎక్కితే వెంటనే ఆపండి. కూలంట్ డబ్బాలో ఆగని బుడగలు, తెల్లటి పొగ, పాలలా మారిన ఆయిల్... ఇవి హెడ్ గ్యాస్కెట్ గుర్తులు. లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిగురు, కాళ్ల కింద తడి ఉంటే కోర్ కారుతోంది. కూలంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికి మాత్రం తీపి. పిల్లలకు, కుక్కలకు అందనివ్వకండి, మోరీలో పోయకండి.

9. బెంగళూరులో హీటర్ ఎందుకనకండి.
1884 జనవరిలో ఈ నగరం 7.8 డిగ్రీలు చూసింది. ఇప్పుడంత చలి లేకున్నా వానలో, పొగమంచులో లోపలి అద్దం మసకబారుతుంది. ఏసీ గాలిలోని తేమను తీస్తుంది, హీటర్ అద్దాన్ని వెచ్చబరుస్తుంది. రెండూ కలిపి వేస్తేనే దారి త్వరగా కనిపిస్తుంది. ఊటీ ఘాట్‌లో అది ప్రాణాల సంగతి.

10. నెలకోసారి హీటర్ వేసి చూడండి.
ఏడాదికోసారి వాడేది ఎప్పుడు చెడిందో ఎవరికీ తెలియదు. బండి వేడెక్కాక అయిదు నిమిషాలు పూర్తి వేడి మీద నడపండి, మండే మే నెలలోనైనా సరే. వేడిగాలి వచ్చిందంటే నీళ్లు కోర్ దాకా చేరుతున్నట్టే. రాకపోతే మర్నాటి ప్రయాణం ఆపి బోనెట్ ఎత్తండి. అప్పుడు ఖర్చు ఒక హోసుతోనో థర్మోస్టాట్‌తోనో తీరుతుంది.